చిన్నక్క పేరు పలికిన తలుపు

"నా చేతిలో పడ్డ కేసు రెండో రోజు చూడదు ప్రసూనగారూ," అన్నాడు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ మురళీకృష్ణ, గోదాము మెట్ల మీద నిలబడి టోపీ సర్దుకుంటూ. "ఇది ఒక్క పూటలో తేలిపోయింది. మీరు ఖమ్మం నుంచి ఇంత దూరం కారు కిరాయికి తెచ్చుకోవడం దండగ."

"కిరాయిది కాదు, సొంత కారే," అంది ప్రసూన. "దండగో పండగో సాయంత్రానికి తెలుస్తుంది లెండి."

ప్రసూనకు గర్వం ఎక్కువని ఖమ్మంలో అందరూ అంటారు. నిజమే, ఎక్కువే. బోనకల్ దగ్గర మిరప చేలల్లో పుట్టి, హైదరాబాదులో ఏళ్ల తరబడి డేటాబేసులతో కుస్తీ పట్టి, ఒకనాడు ఆ ఉద్యోగానికి దండం పెట్టి వైరా రోడ్డులో 'డిటెక్టివ్' అని బోర్డు కట్టింది. ఆ బోర్డు చూసి నవ్వినవాళ్లే తర్వాత ఆమె గుమ్మం ముందు చెప్పులు విడిచారు. అలాంటి మనిషికి కాకపోతే గర్వం ఇంకెవరికి ఉంటుంది?

మురళీకృష్ణకూ తక్కువేం లేదు. నేలకొండపల్లి కేసులో ఆయన పట్టుకొచ్చిన దొంగ దొంగే కాదని ప్రసూన నలుగురిలో తేల్చింది. ఆ సంగతి ఆయన మర్చిపోలేదు. ఎక్కడ మర్చిపోతాడోనని ఆమే ఎదురుపడినప్పుడల్లా గుర్తు చేస్తుంటుంది.

ఇప్పటి సంగతి ఇదీ. పినపాక దాటాక అడవి అంచున తపసిగూడెం. ఆ ఊరి ఆడవాళ్లంతా కలిసి తపసి బంక సొసైటీ నడుపుతున్నారు. తపసి చెట్టుకు గాటు పెడితే కారే బంక అది. తెల్లగా, బెరడు ముక్క లేకుండా ఏరిన ఫస్ట్ గ్రేడుకు పట్నంలో ఎక్కడలేని గిరాకీ. ఆదివారం పొద్దుగూకే వేళ ఆ ఫస్ట్ గ్రేడు బస్తాలు మాయమయ్యాయి. వాచ్‌మన్ గోప్యా తల వెనక దెబ్బ తగిలి భద్రాచలం దవాఖానాలో ఉన్నాడు, ఇంకా తెలివి రాలేదు. గోదాము ఇనుప తలుపుకు తాళంచెవి లేదు, వేలు పెడితేనే తెరుచుకుంటుంది. ఆ సాయంత్రం తలుపు ఒక్కసారే తెరుచుకుంది. తెరిచింది చిన్నక్క అని మిషన్ రాసుకుంది.

చిన్నక్క ఆ గోదాముకు స్టోర్‌కీపర్. ఆ ఊళ్లో అలాంటి పని చేతికందిన మొదటి మనిషి. ఇవాళ సాయంత్రం ఆమెను కోర్టులో పెట్టి రిమాండ్‌కు పంపాలని మురళీకృష్ణ పట్టు. ఒకసారి జైలు గడప తొక్కితే ఆ ఉద్యోగమూ పోతుంది, ఆమె పేరూ పోతుంది. చిన్నక్క తమ్ముడు పగిడయ్య ఖమ్మం దాకా వెళ్లి ప్రసూన గుమ్మంలో కూర్చున్నది అందుకే.

"మీ సాక్షి ఎవరు?" అడిగింది ప్రసూన.

"బాలి. ఎదురిల్లు. కళ్లారా చూసిన మనిషి."

బాలి మేకపిల్లను చంకలో పెట్టుకునే వచ్చింది. ప్రసూన మెట్టు మీద కూర్చుని ఆమెనూ కూర్చోమంది.

"ఆదివారం ఏం చూసినవ్ బాలీ?"

"మేకల్ని కట్టేస్తున్నమ్మా. గోదాము దిక్కు నుంచి చిన్నక్క పేరు ఇనొచ్చింది."

"ఎవరు పిలిచిండ్రు?"

"మనిషి కాదు, గా మిషనే. చిన్నక్క గారూ నమస్కారం అని గట్టిగ అన్నది. అది ఎన్నడూ మాట్లాడలే. అందుకే మనసుల పడ్డది."

"చిన్నక్క కనబడ్డదా?"

"చీకటి పడుతున్నది. మనిషి వీపు గూడ అగపడలే. పేరే ఇన్న."

"మరి సారుతోని చూసిన అన్నవట?"

"నేను ఇన్న అన్న. సారు రాసుకున్నరు."

ప్రసూన తలెత్తి మురళీకృష్ణ వైపు చూసింది. ఆ చూపే ఆయనకు ఎక్కువ మంట.

"చూస్తే ఏంది, వింటే ఏంది?" అన్నాడాయన. "మిషన్ అబద్ధం ఆడదు కదా."

"ఆడదు. ఏది నేర్పితే అది పలుకుతుంది, అంతే."

చిన్నక్క జీపు వెనక సీట్లో కూర్చుని ఉంది. వంగి కాదు, వెన్ను నిటారుగా పెట్టి. పక్కన కూర్చున్న మహిళా కానిస్టేబులే కాస్త ఒదిగి ఉంది.

"ఆదివారం ఆ యాళ్లకు ఏడున్నవ్ అక్కా?" అంది ప్రసూన జీపు తలుపు పట్టుకుని.

"చెట్ల కాడ. ఈ యేడు యే చెట్టుకు గాటు పెట్టాలె, దేన్ని ఇడిసిపెట్టాలె అని చూసుకుంట ఒక్కదాన్నే తిరిగిన."

"చెట్లు కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్తయా?" అన్నాడు మురళీకృష్ణ వెనక నుంచి.

"చెప్తే మనుషుల కంటే నయంగనే చెప్తయ్ సారూ," అంది చిన్నక్క, ఆయన వైపు చూడకుండానే.

ప్రసూనకు నవ్వొచ్చింది. ఈ మనిషి నచ్చింది ఆమెకు. "మిషనుకు యే వేలు ఇచ్చినవ్?"

చిన్నక్క ఎడమ చేతి ఉంగరం వేలు చూపింది. "మా బంక గీరేటోళ్ల బొటనవేళ్లు చూడమ్మా. కత్తి పట్టీ పట్టీ, బెరడు గోకీ గోకీ గీతలన్నీ అరిగినయ్. మొదట్ల మిషను మా బొటనవేళ్లు వద్దన్నది. పనికి పోని వేలు ఏదున్నదని చూస్తే గీ ఒక్కటే దొరికింది. మా సొసైటీల అందరిదీ గదే వేలు. మేనేజర్ సారుది గూడ." ఒక క్షణం ఆగింది. "ఫస్ట్ గ్రేడు బంక ఏరాలంటే ఈ అడవి మొత్తంల నా పేరే చెప్తరు. నేను ఏరిన బంకను నేనే ఎత్తుకపోతనా?"

"రా అక్కా. ఆ వేలు ఒకసారి పెట్టి చూద్దాం."

గోదాముకు ముందు గది ఆఫీసు, వెనక గది సరుకు, మధ్యలో ఆ ఇనుప తలుపు. సోమవారం పొద్దున తలుపు ఓరగా తెరిచి ఉంటే పోలీసులే లాగి మూసి సీలు వేశారు. మూస్తే దానంతటదే బిగుసుకుంటుంది. అప్పటి నుంచి దాన్ని ఎవరూ ముట్టలేదు.

ఆఫీసులో సొసైటీ మేనేజర్ రామకృష్ణ కుర్చీలు సర్దుతూ కనిపించాడు. తెల్ల చొక్కా, మర్యాద గల మనిషి. "పాపం, చిన్నక్క గిట్ల చేస్తదని కలల గూడ అనుకోలే మేడం," అన్నాడు. ఆయన పక్కన కంప్యూటర్ ముందు ముప్పై దాటిన మనిషి, కళ్లజోడు, మెడలో ఐడీ కార్డు. సొసైటీకి సాఫ్ట్‌వేర్ రాసిపెట్టే కోటేష్.

మురళీకృష్ణ సీలు తనే తీశాడు. "పెట్టనీయండి. నా కేసు ఇంకా గట్టిపడుతుంది."

చిన్నక్క ఎడమ ఉంగరం వేలు గాజు మీద పెట్టింది. ఎర్ర లైటు వెలిగింది.

మళ్లీ పెట్టింది. ఎర్ర లైటే.

"కావాలని వంకరగా పెడుతుంది," అన్నాడు మురళీకృష్ణ. ఆ వేలు తనే పట్టుకుని, తుడిచి, గాజు మీద అదిమాడు. మిషన్ ఆయన హోదాను కూడా లెక్కచెయ్యలేదు. ప్రసూన ఒక్కొక్కటిగా మిగతా తొమ్మిది వేళ్లూ పెట్టించింది. ఒక్కదానికీ తలుపు కదల్లేదు.

చిన్నక్క తన వేళ్ల వంక చూసుకుంది. "నా యేలు నన్నే ఎరగదంటాంది," అంది.

మురళీకృష్ణ నవ్వు కొద్దిగా సన్నబడింది. ప్రసూన కుర్చీ లాక్కుని కోటేష్ పక్కన కూర్చుంది.

"ఈ సాఫ్ట్‌వేర్‌ను ఈమధ్య కదిలించారా?"

"కదిలించుడు కాదు మేడం, పాత ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ వెర్షన్ నుంచి కొత్త వెర్షన్‌కు మొత్తం మార్చిన," అన్నాడు కోటేష్, కళ్లజోడు పైకి తోసుకుంటూ. ఆయన గొంతులోనూ గర్వం పొంగింది. "డేటాబేస్ లైబ్రరీ కొత్త వెర్షన్‌లో పనిచేయక అందరూ చేతులెత్తేసిండ్రు. నేను ఒక్కన్నే కూసొని కొత్తదాంట్లకు పోర్ట్ చేసిన. శనివారం సాయంత్రం ఇక్కడ ఎక్కించిన. పేరు పెట్టి నమస్కారం పెట్టేది గూడ అప్పుడే కలిపిన. అంతకుముందు ఉత్త బీప్ శబ్దమే వచ్చేది."

"బాగుంది. మార్చేటప్పుడు ఎర్రర్లు రాలేదా?"

"వచ్చినయ్. వానలెక్క వచ్చినయ్."

"ఏం చేసిండ్రు?"

"చదవరాని బైట్లు ఉంటే ఇగ్నోర్ చెయ్యమని పెట్టిన. పాత డేటా అంతా కొత్త దాంట్లకు ఎక్కింది. ఎర్రర్లు పోయినయ్."

"ఎర్రర్లు పోలేదు కోటేష్ గారూ. వేళ్లు పోయినయ్."

కోటేష్ ముఖంలో అర్థం కావడం మొదలైంది. ఒకచోట మొదలై నెమ్మదిగా చెవుల దాకా పాకింది.

"తెలుగులో చెప్పండి," అన్నాడు మురళీకృష్ణ విసుగ్గా.

"చెప్తా. వేలిముద్ర అక్షరాలు కాదు సీఐ గారూ, ముడి బైట్లు, ఉత్త అంకెలు. పాత వెర్షన్‌కు రాతా, ముడి సరుకూ రెండూ ఒకటే, ఒకే సంచిలో పోసి మోసుకుపోయేది. కొత్తది అట్లా ఊరుకోదు, ఇది రాతా, ముడి సరుకా అని నిలదీస్తుంది. వేలిముద్ర ముడి సరుకని చెప్పాల్సింది. ఈయన రాతేనన్నాడు. రాతగా కుదరని బైటు కనబడ్డప్పుడల్లా కొత్తది దాన్ని ఏరి పారేసింది." చిన్నక్క వైపు తిరిగింది. "బంకలో బెరడు ఏరినట్టు ఏరింది అక్కా. కానీ ఏరి పడేసింది బెరడు కాదు, బంకే."

"అయ్యో, సరుకు ఖరాబు చేసిండు," అంది చిన్నక్క. కోటేష్ తల దించుకున్నాడు. ఆమె తిట్టి ఉంటే ఇంత తగిలేది కాదేమో.

"పెట్టే ముందు టెస్ట్ చేసిన మేడం," అన్నాడు సన్నగా. "మేనేజర్ సారు ముందటనే నా బొటనవేలు కొత్తగ ఎక్కించి చూసిన. తెరుచుకున్నది. తర్వాత నా వేలు తీసేసిన."

"కొత్త వేలు మిషన్ నుంచి నేరుగా పోతుంది, చెక్కుచెదరదు. పాత వేలు ఒక్కటన్నా పెట్టి చూసిండ్రా?"

"లేదు."

ప్రసూన నిట్టూర్చింది. హైదరాబాదులో ఇలాంటి శనివారాలు ఎన్నో చూసింది. పాత కాపీ ఖమ్మం ఆఫీసులో భద్రంగా ఉందని, రేపే అందరి వేళ్లూ వెనక్కి తెస్తానని కోటేష్ అన్నాడు. కానీ రేపటిదాకా ఆగే జీపు కాదు అది.

"ఏ వేలిముద్ర ఎంత సైజుందో చూపించండి. మంచి ముద్రలన్నీ ఒకే తూకం తూగాలి కదా?"

కోటేష్ స్క్రీన్ మీదికి తెచ్చాడు. ఒకరిది సగం, ఒకరిది ఇంకా తక్కువ. ఏ రెండూ ఒక్కలా లేవు. రామకృష్ణది కూడా చిక్కిపోయే ఉంది. ప్రసూన వేలు పేర్ల వెంట కిందికి జారి ఒకచోట ఆగింది. ఒక్క ముద్ర మాత్రం నిండుగా, ఎక్కడా తరుగు లేకుండా ఉంది. దాని పక్కన పేరు చిన్నక్క.

మురళీకృష్ణ ముందుకు వంగి చూసి, తృప్తిగా వెనక్కి వాలాడు. "అయిపాయె. అందరివీ చెడిపోయినయ్, ఈమెదొక్కటే బాగున్నది. తలుపు తెరవగలిగింది ఈమె ఒక్కతే. మీరే నిరూపించారు, థ్యాంక్స్."

"ఇంకోసారి ఆలోచించండి. చిన్నక్క వేలు ఎక్కించింది సొసైటీ పెట్టిన కొత్తలో. ఆ పాత వేళ్లన్నీ శనివారం తరిగిపోయినయ్. ఆమెది మాత్రం ఎట్లా మిగులుతుంది? మిగిలింది అంటే అది ఆమె వేలు కాదు. శనివారం పోర్ట్ అయిపోయాక, ఎవరో ఆమె పేరు కింద కొత్త వేలు ఎక్కించారు. ఒకరోజు ముందు ఎక్కించి ఉంటే అదీ అందరితోపాటు పాడయ్యేది, తలుపు తెరుచుకునేదే కాదు. దొంగకు ఈ సంగతి తెలియదు. మిగతా వేళ్లన్నీ బాగానే ఉన్నాయనుకున్నాడు, వాటిలో తన వేలు కలిసిపోతుందనుకున్నాడు."

మురళీకృష్ణ గడ్డం గోక్కున్నాడు.

"ఆమే శనివారం కొత్తగ ఎక్కించుకుని ఉండొచ్చు కదా?"

"అయితే ఇందాక తెరుచుకునేది. పది వేళ్లూ మీ ముందే పెట్టించాను. ఒకటి మీరే అదిమారు."

ఒక దారి మూసుకుపోతే ఆయన చేసే పని ఒకటే, ఇంకొకరి మీద పడటం. కోటేష్ వైపు తిరిగాడు. "అంటే నువ్వే. శనివారం కంప్యూటర్ ముందు కూసున్నది నువ్వే."

కోటేష్ కుర్చీలోంచి లేచాడు. "టెస్ట్ అయినంక అన్నానికి పోయిన సార్. కంప్యూటర్ గట్లనే తెరిచిపెట్టి పోయిన. ఎవరొచ్చిండ్రో, ఎవరు పోయిండ్రో నాకు తెల్వది."

"వేలు పెట్టు."

కోటేష్ బొటనవేలు పెట్టాడు. ఎర్ర లైటు. మిగతా వేళ్లూ ఎర్ర లైటే.

"నాది గూడ చూడండి సార్," అన్నాడు రామకృష్ణ, ఎవరూ అడక్కముందే ముందుకొచ్చి. కుడి చెయ్యి వెనక్కి పెట్టుకుని, ఎడమ చెయ్యి చాపి ఉంగరం వేలు గాజు మీద పెట్టాడు. ఎర్ర లైటు. "చూసిండ్రా, నాదీ పాడైపోయింది," అంటూ అదే చేత్తో కోటేష్ భుజం మీద ఓదార్పుగా తట్టాడు.

మురళీకృష్ణ టోపీ మళ్లీ సర్దుకున్నాడు. "అందరికీ ఎర్ర లైట్లే. మీ కథ బాగుంది ప్రసూనగారూ, నేలకొండపల్లి కంటే బాగుంది. కానీ వేలు ఉన్న మనిషి ఏడి? లేని మనిషి కోసం నేను ఉన్న మనిషిని వదలను. కానిస్టేబుల్, ఈమెను జీపెక్కించు."

చిన్నక్క కదిలింది. ఎవరూ పట్టుకోకముందే తనంతట తనే నడిచింది. ఆ నడక చూసి ప్రసూన గుండెలో ఏదో పొంగింది. జైలుకు పోతూ కూడా తల వంచని మనిషి తరఫున నిలబడ్డందుకు తనకు గర్వంగా ఉంది. ఆ గర్వానికి తగ్గ పని చెయ్యకపోతే ఇక ఆ బోర్డు ఎందుకు?

"ఒక్క నిమిషం. రామకృష్ణ గారూ, కుడి బొటనవేలు పెట్టండి."

రామకృష్ణ తలుపు దగ్గరి నుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు. "అది మా పద్ధతి కాదు మేడం. మా సొసైటీల ఎడమ ఉంగరం వేలే. చిన్నక్క చెప్పింది గద."

"చెప్పింది. బంక గీరి గీరి బొటనవేలు అరిగినవాళ్ల పద్ధతి అది. మీరు ఎన్నడన్నా బంక గీరిండ్రా?"

"లేదు గానీ..."

"మీ ఉంగరం వేలు మీ పేరు మీద ముందే ఉంది. ఒకే వేలు రెండు పేర్ల మీద ఎక్కదని మీకు తెలుసు. అందుకే ఇంకో వేలు వెతుక్కోవాల్సి వచ్చింది. కోటేష్ బొటనవేలు ఎక్కించి చూపించినప్పుడు పక్కనే ఉన్నారు కదా? మనిషి ఏది చూస్తే అదే చేస్తాడు. ఇందాక ఎవరూ అడక్కుండానే ఎడమ చెయ్యి చాపారు. కుడి చెయ్యి మాత్రం వెనక్కి పెట్టుకున్నారు."

"సీఐ సార్, నేను మర్యాదస్తుణ్ణి. నలుగురి ముందట నన్ను గిట్ల..."

మురళీకృష్ణ రామకృష్ణ వైపు తిరిగాడు. సీఐకి పొగరుండొచ్చు, తొందర ఉండొచ్చు, కానీ లంచం లేదు, భయం లేదు. ఆ సంగతి ప్రసూనకు తెలుసు, ఈ క్షణం ఆమె ఆశంతా దాని మీదే. చిన్నక్కను జీపు దాకా తీసుకుపోయిన కానిస్టేబుల్‌ను చేత్తోనే ఆగమన్నాడు. రామకృష్ణ దగ్గరికి నడిచి, ఆయన కుడి చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకున్నాడు.

"మర్యాదస్తుడికి వేలు పెడితే పోయేదేముంది? పెట్టు."

"సార్, నా మాట..."

"పెట్టు."

బొటనవేలు గాజును తాకింది. పచ్చ లైటు వెలిగింది. ఇనుప తలుపులో గడియ టక్కున జారింది. కోటేష్ ఎంతో మురిసి కలిపిన ఆ గొంతు వరండా దాటి, జీపు దాటి, ఎదురింట్లో మేకలు కట్టేస్తున్న బాలి దాకా వినిపించేలా పలికింది.

"చిన్నక్క గారూ, నమస్కారం."

రామకృష్ణ వేలు తియ్యబోయాడు. మురళీకృష్ణ వదల్లేదు. ఆయన ముఖం ఎర్రబడింది. "ప్రసూనగారూ," అన్నాడు తలుపు వైపే చూస్తూ, "నేలకొండపల్లి సంగతి ఇక మీరు గుర్తు చెయ్యక్కర్లేదు. ఇప్పటి నుంచి ఇది గుర్తు చేసుకుంటా."

చిన్నక్క జీపు దగ్గరి నుంచి వెనక్కి వచ్చింది. మెట్లెక్కి, ఆఫీసు దాటి, తెరుచుకున్న తలుపు ముందు, తన మేనేజరుకు ఎదురుగా నిలబడింది. ఆయన ఆమె కళ్లలోకి చూడలేకపోయాడు.

"ఆ పేరు మా తాత పెట్టిండు సారూ," అంది నెమ్మదిగా. "దొంగతనానికి ఎరువిచ్చేది కాదది. నాది నాకు ఇచ్చెయ్."